జీవిత చరిత్రకారుని చదువు

ఒక నాయకుడు డెబ్బై ఏళ్లు జీవిస్తాడు. ఆ డెబ్బై ఏళ్లను రెండు వందల పుటలలో ఇమిడ్చి మన చేతికి అందించేవాడు జీవిత చరిత్రకారుడు. ఏది ఉంచాలో, ఏది విడవాలో, ఎవరి మాట నమ్మాలో, ఎవరి మాట సందేహించాలో నిర్ణయించే అధికారం అతనిదే. ఆ అధికారం అతనికి పదవివల్ల రాదు, చదువువల్ల వస్తుంది. అందుచేతనే ఏ రాజకీయ నాయకుని జీవిత చరిత్ర నా చేతికి వచ్చినా, కథానాయకుని గురించి తెలుసుకోవడానికి ముందు, దానిని వ్రాసినవారు ఏమేమి చదివి ఉంటారా అని ఆలోచించడం నాకు అలవాటు. నాయకుని ఉపన్యాసాలు, ఉత్తరాలు మాత్రమే చదివి వ్రాసిన గ్రంథం ఒక రీతిగా ఉంటుంది. ఆయన తిరిగిన నేల, అక్కడి పంటలు, పన్నులు, ఆయన ఎదిరించిన చట్టం, ఆయనను ఎదిరించినవారి మాటలు కూడా చదివి వ్రాసిన గ్రంథం మరొక రీతిగా ఉంటుంది. మొదటిదానిలో మనకు ఒక విగ్రహం కనిపిస్తుంది. రెండవదానిలో మనిషి కనిపిస్తాడు.

ఈ అలవాటు నాకు ప్రాచీన సాహిత్యం మూలంగా అబ్బిందంటే మీకు వింతగా తోచవచ్చు. నా పరిశోధన శ్రీకృష్ణదేవరాయల ‘ఆముక్తమాల్యద’ మీద సాగింది. ఆ ప్రబంధంలో యామునాచార్యుడు రాజ్యాన్ని తన కుమారునికి అప్పగిస్తూ రాజనీతిని ఉపదేశించే ఘట్టం ఉంది. రేవులను చక్కగా పోషించాలనీ, గుర్రాలు, ఏనుగులు, రత్నాలు వంటివి దేశంలోకి వచ్చేటట్లు వర్తకాన్ని ప్రోత్సహించాలనీ అక్కడ రాజుకు బోధ. ఇది పూర్వ నీతిశాస్త్రాలనుండి వచ్చిన సంప్రదాయమా, లేక రాజ్యమేలినవాని అనుభవమా? ఈ ప్రశ్నకు కావ్యం ఒక్కటే సమాధానం చెప్పలేదు. అలంకారశాస్త్రమూ చెప్పలేదు.

సమాధానం వెదుకుతూ నేను రాబర్ట్ సూయల్ 1900లో ప్రకటించిన విజయనగర చరిత్రను తెరిచాను. పోర్చుగీసు యాత్రికులు పేయిజ్, న్యూనిజ్ వ్రాసుకొన్న వృత్తాంతాలకు ఇంగ్లీషు అనువాదాలు అందులో ఉన్నాయి. రాయలు తెల్లవారకముందే నువ్వులనూనె త్రాగి, ఒళ్లంతా నూనె పట్టించుకొని, బరువులెత్తి సాము చేసేవాడని పేయిజ్ వ్రాశాడు. న్యూనిజ్ గుర్రాల వర్తకుడు. విజయనగర సైన్యానికి కావలసిన గుర్రాలు సముద్రం దాటి పడమటి రేవులకు వచ్చేవి. ఆ సంగతి తెలిసిన తరువాత, అంతవరకు నీతివాక్యంగా చదువుకొన్న పద్యంలో నాకు రేవు చప్పుడు వినిపించింది. కవిని చదవడానికి గుర్రాల బేరగాని వ్రాతలు కూడా అవసరమేనని ఆనాడు తెలిసింది. కవి విషయంలోనే ఇంత నిజమైతే, రాజ్యాలను నడిపినవారి జీవితాలు వ్రాసేవారి విషయంలో ఇది మరెంత నిజమో చెప్పనవసరం లేదు.

అటువంటి విశాలమైన చదువుకు మన తెలుగులో నిదర్శనం చూపమంటే నేను మొదట కొమఱ్ఱాజు వేంకట లక్ష్మణరావు పంతులుగారి పేరు చెబుతాను. ఆయన 1877 మే 18న కృష్ణామండలంలోని పెనుగంచిప్రోలులో జన్మించారు. పసితనంలోనే తండ్రిని కోల్పోయారు. బాల్యంలో భువనగిరిలోను, తరువాత నాగపూరు ప్రాంతంలో అక్కగారైన బండారు అచ్చమాంబగారి ఇంటనూ ఉండి చదువుకొన్నారు. తెలుగుదేశానికి దూరంగా గడిచిన ఆ విద్యార్థి దశలో ఆయన మరాఠీని కేవలం పరీక్షకోసం నేర్చుకోలేదు. ఆ భాషలో వ్యాసాలు వ్రాసి పత్రికలలో ప్రకటించేటంతగా దానిని తనది చేసుకొన్నారు. సంస్కృతం, ఇంగ్లీషు, హిందీ, ఉర్దూ, బెంగాలీ భాషలతో కూడా ఆయనకు పరిచయం ఉండేది.

ఆ ఇంటిలో చదువు ఒక్కరి సొత్తుగా ఉండిపోలేదు. బడికి వెళ్లే అవకాశం లేని అచ్చమాంబగారు తమ్ముని చదువు ఆసరాగా తానూ చదువు నేర్చారు. ఆమె తరువాత దేశంలోని ప్రసిద్ధ స్త్రీల జీవితాలను సేకరించి ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ రచించారు. తమ్ముడు ‘శివాజీ చరిత్రము’ వ్రాశారు. ఒకే ఇంటి దీపం క్రింద ఇద్దరు జీవిత చరిత్రకారులు తయారయ్యారన్నమాట. శివాజీని గురించి తెలుగులో వ్రాయదలచినవాడు అనువాదాల ఆసరా లేకుండా మరాఠీ గ్రంథాలను నేరుగా చదువగలగడం సామాన్యమైన విషయం కాదు. పరాయివారు మనలను గురించి వ్రాసినది ఒకటి, మనవారు మనలను గురించి వ్రాసుకొన్నది ఒకటి. రెండింటినీ ప్రక్కప్రక్కన పెట్టి చూడగలిగినవానికే తూనిక తెలుస్తుంది.

లక్ష్మణరావుగారి చదువు జీవిత చరిత్రలతో ఆగలేదు. ఆయన శాసనాలను పరిశీలించారు, దేశ చరిత్ర వ్రాశారు, భాషా విషయాలను చర్చించారు. మునగాల సంస్థానంలో దివానుగా రాజ్య వ్యవహారాలు నడిపారు. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం స్థాపనకు ముఖ్య కారకులలో ఒకరయ్యారు. 1906లో మిత్రులతో కలిసి విజ్ఞాన చంద్రికా మండలిని నెలకొల్పారు. చిలుకూరి వీరభద్రరావుగారి ‘ఆంధ్రుల చరిత్రము’, కట్టమంచి రామలింగారెడ్డిగారి ‘అర్థశాస్త్రము’ ఆ మండలి మూలంగానే తెలుగువారి ఇళ్లకు చేరాయి. తాను చదివినది తనతో నిలిచిపోకుండా, ఇంగ్లీషు రాని తెలుగు పాఠకునికి కూడా అందాలన్నది ఆయన పట్టుదల.

ఆ మండలి వెలువరించిన మొదటి గ్రంథం ఏదో ఊహించగలరా? అది ఏ తెలుగు రాజు చరిత్రా కాదు. 1907లో వెలువడిన ‘అబ్రహాము లింకను చరిత్రము’. రచయిత గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు. అప్పటికి ఆయన ఇరవై నాలుగేళ్లు నిండీ నిండని యువకులు. ఆ సంవత్సరమే మన గోదావరి తీరాన రాజమహేంద్రవరంలో ఉపాధ్యాయ శిక్షణ పొందుతూ, బిపిన్ చంద్రపాల్ పర్యటన సందర్భంగా చెలరేగిన వందేమాతరం ఉద్యమంలో పాల్గొని కళాశాలనుండి బహిష్కృతులయ్యారు. మరుసటి సంవత్సరం, 1908లో, ‘స్వరాజ్య’ పత్రికలోని వ్రాతకు రాజద్రోహ నేరం క్రింద కారాగారం పాలయ్యారు. తరువాతి కాలంలో ఆయనే ఆంధ్రదేశ గ్రంథాలయోద్యమానికి దీర్ఘకాలం పెద్దదిక్కుగా నిలిచారు. ఒక జీవిత చరిత్ర వ్రాసిన చేయి ఊరూరా పుస్తకాలు చేరవేసే పనికి పూనుకోవడం యాదృచ్ఛికమని నేననుకోను.

ఆయన ఎన్నుకొన్న కథానాయకుడు కూడా గొప్ప చదువరి. లింకన్ బడిలో గడిపిన కాలమంతా కలిపినా ఒక సంవత్సరం నిండదు. ఈసపు కథలు, రాబిన్సన్ క్రూసో వంటి కొద్ది పుస్తకాలే ఆయన బాల్యానికి గ్రంథాలయం. పొరుగువానినుండి ఎరువు తెచ్చుకొన్న వాషింగ్టన్ జీవిత చరిత్ర వానకు తడిసి పాడైతే, దాని వెల తీర్చడానికి అతని పొలంలో మూడు రోజులు పశువుల మేత కోసి ఇచ్చాడని ప్రసిద్ధి. పెద్దవాడైన తరువాత న్యాయశాస్త్రంతోపాటు షేక్స్‌పియర్ నాటకాలు చదివాడు. తర్కం పదును పెట్టుకోవడానికి యూక్లిడ్ రేఖాగణితంలోని ఆరు భాగాలను పట్టుబట్టి అభ్యసించాడు. 1861లో అధ్యక్ష పదవి స్వీకరించడానికి వెళ్తూ, దారిలో న్యూజెర్సీ శాసనసభలో మాట్లాడినప్పుడు, తాను చిన్ననాడు చదివిన వాషింగ్టన్ జీవిత చరిత్రను గుర్తు చేసుకొన్నాడు.

ఇక్కడ మీరు గమనించవలసిన విశేషం ఒకటుంది. ఆ వాషింగ్టన్ చరిత్రను వ్రాసినవాడు వీమ్స్ అనే మతబోధకుడు. చిన్నారి వాషింగ్టన్ గొడ్డలితో చెర్రీ చెట్టును గాయపరచి, తండ్రి అడిగినప్పుడు అబద్ధమాడక ఒప్పుకొన్నాడన్న కథ మీరు చిన్న తరగతులలో వినే ఉంటారు. అది వీమ్స్ పుస్తకం ద్వారా లోకంలోకి వచ్చిన కథ. దానికి ఆధారం లేదని పండితులు తేల్చారు. సత్యాన్ని బోధించే కథ తానే సత్యం కాకపోవడం ఎంత వింత! ఆ ఒక్క పుస్తకమే చదివినవానికి ఈ సంగతి తెలిసే మార్గం లేదు. నాలుగు పుస్తకాలు చదివినవానికే ఏది పొల్లో, ఏది గింజో తేలుతుంది. అలాగని వీమ్స్ పుస్తకం వ్యర్థమని చెప్పలేము. అది ఒక పేద బాలుని హృదయంలో స్వాతంత్ర్య కాంక్షను నాటింది. పుస్తకం చేసిన మేలు ఒకటి, అందులోని సత్యం వేరొకటి. ఈ రెండింటినీ వేరువేరుగా చూడడం విశాలమైన చదువు నేర్పే వివేకం.

విశాలమైన చదువంటే చేతికందినదల్లా చదవడమా అని మీరడగవచ్చు. ఆ ప్రశ్న న్యాయమైనదే. అన్ని వైపులా ప్రాకిన తీగకు పందిరి లేకపోతే కాయ నేలపాలవుతుంది. జీవిత చరిత్రకారుని చదువుకు పందిరి అతని ప్రశ్నే. ఈ మనిషి ఈ నిర్ణయం ఎందుకు తీసుకొన్నాడు అన్న ఒక్క ప్రశ్నను వెంటబెట్టుకొని అతడు భూగోళంలోకీ, న్యాయశాస్త్రంలోకీ, పాటలలోకీ, లెక్కలలోకీ వెళతాడు. ప్రశ్న ఉన్నవానికి దారి తప్పదు. అయితే ఈ మార్గంలో ఆయుర్దాయం చాలదన్న మాట కూడా నిజమే. లక్ష్మణరావుగారు తలపెట్టిన ‘ఆంధ్ర విజ్ఞాన సర్వస్వము’ మూడు సంపుటాలు మాత్రమే వెలువడింది. 1923 జూలై 12న, నలభై ఆరేళ్ల వయసులోనే, ఆయన మద్రాసులో కన్నుమూశారు. కాని అసంపూర్ణమైన ఆ మూడు సంపుటాలే తరువాతి వారికి మార్గం చూపాయి. పూర్తికాని పని కూడా వారసత్వమే.

ఇదంతా గొప్పవారి సంగతి, ఈ యానాంలో కూర్చున్న మనకెందుకని అనుకోకండి. ఇలాంటి చదువు మిక్కిలి అవసరమైన ఊరు మనదే. ఒక ఏడాది ఆగస్టు 16 ఉత్సవాల సందర్భంగా నా విద్యార్థి ఒకడు దడాల రఫేల్ రమణయ్యగారి జీవితాన్ని గురించి వ్యాసం వ్రాసి తెచ్చాడు. ఫారంపేటకు చెందిన రమణయ్యగారు యానాం విమోచనోద్యమ నాయకులు. 1954 జూన్ 13న ఇక్కడి ఫ్రెంచి పాలన తొలగింది ఆయన నాయకత్వంలోనే. ఆ అబ్బాయి దస్తూరి ముత్యాలవలె ఉంది. పేజీన్నర వ్యాసంలో జననం, పోరాటం, మరణం, చివర జోహార్లు ఉన్నాయి.

“బాగుంది బాబూ. ఇంతకూ ఆయన ఎదిరించినది దేనిని?” అని అడిగాను.

“ఫ్రెంచివాళ్లనండి మాస్టారూ.”

“ఫ్రెంచివాళ్ల పాలనలో మన తాతలు ఎలా బ్రతికారు? ఏ చట్టం క్రింద పెళ్లి చేసుకొన్నారు? సంతలో ఏం కొన్నారు? అందరూ ఆయన వెంట నడిచారా?”

అతడు కాసేపు ఆలోచించి, “అవన్నీ వేరే సబ్జెక్టులు కదండీ?” అన్నాడు.

ఆ మాటకు నేను కోప్పడలేదు. తెలుగు ఒక గంట, చరిత్ర ఒక గంట, పౌరశాస్త్రం ఒక గంట అని పాఠాలను మనమే విడదీసి చెబుతున్నాము. మనిషి జీవితంలో మాత్రం గంటలు వేరువేరుగా మ్రోగవు. అందుకని అతనికి వరుసగా కొన్ని దారులు చూపించాను. 1929లో బ్రిటిషు ఇండియాలో బాల్య వివాహ నిరోధక చట్టం వచ్చింది. ఫ్రెంచి యానానికి అది వర్తించలేదు. అందువల్ల చుట్టుప్రక్కల జిల్లాలవారు చిన్నపిల్లల పెళ్లిళ్లు చేయడానికి ఇక్కడికి తరలివచ్చేవారు. గోదావరికి చట్టాలు తెలియవు. కాని ఒక ఊరిలో నేరమైనది పొరుగు ఊరిలో శుభకార్యమైంది. విదేశీ సరుకులకోసం చుట్టుప్రక్కలవారు మన మంగళవారం సంతకు వచ్చిన రోజులూ ఉన్నాయి. అంటే ఆ సరిహద్దువల్ల లాభపడినవారు కూడా ఉన్నారు. సరిహద్దును చెరిపివేయాలన్న నాయకుని ధైర్యం ఎంతటిదో, ఎవరెవరికి అది రుచించి ఉండదో, ఈ సంగతులు తెలిస్తేనే బోధపడుతుంది.

చదవవలసినవి ఇంకా ఉన్నాయి. ఇంగ్లీషువారు గోదావరి మండలాన్ని ఎలా చూశారో మోరిస్ 1878లో వ్రాసిన గ్రంథమూ, హెమింగ్వే 1907లో కూర్చిన జిల్లా గెజెటీరూ చెబుతాయి. చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారు యానాంలో గడిపిన తమ చిన్ననాటి సంగతులను వచనంలో చెప్పుకొన్నారు. ఒక కవి కంటికి ఈ వీధులు ఎలా కనిపించాయో అక్కడ తెలుస్తుంది. రమణయ్యగారు తమ పోరాటాన్ని ఇంగ్లీషులో తామే వ్రాసుకొన్నారు. 1954 నవంబరు 1న జరిగిన అధికార మార్పిడికీ, 1962 ఆగస్టు 16న చట్టరీత్యా జరిగిన విలీనానికీ నడుమ ఎనిమిదేళ్లు ఎందుకు పట్టిందో తెలియాలంటే, ఢిల్లీ, పారిస్‌ల నడుమ కుదిరిన 1956 నాటి ఒప్పందాన్ని గురించి చదవాలి. మనకు 800 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న పుదుచ్చేరి రాజకీయాలు తెలియాలంటే తమిళం అక్కరకు వస్తుంది. ఒక మనిషి, నాలుగు భాషలు! లక్ష్మణరావుగారికి మరాఠీ ఎందుకు కావలసి వచ్చిందో, యానాం చరిత్రకారునికి ఫ్రెంచి అందుకే కావాలి.

ఈ మాట అంటున్నప్పుడు నాకొక వృద్ధుడు గుర్తుకు వస్తారు. మా వీధి పిల్లలందరూ ఆయనను ఫ్రెంచి తాతగారనేవారు. ఉదయం పూజ కాగానే అరుగుమీద పడక కుర్చీ వేయించుకొని, ఒక ఒడిలో పోతన భాగవతమూ, ప్రక్కనే ఒక ఫ్రెంచి నిఘంటువూ పెట్టుకొని కూర్చునేవారు. ఎవరి ఇంట పాత దస్తావేజు బయటపడినా, ఎవరికి ఫ్రెంచిలో ఉత్తరం వచ్చినా ఆ అరుగు దగ్గరకే వచ్చేవారు. ఆయన కళ్లద్దాలు సవరించుకొని, మొదట ఫ్రెంచిలో ఒకసారి తమలో తాము చదువుకొని, తరువాత తేట తెలుగులో అర్థం చెప్పేవారు. ఒక పొలం గట్టు తగాదా ఆయన చదివిన ఒక్క వాక్యంతో తీరిపోవడం నేను కళ్లారా చూశాను. ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఆ అరుగు ఇప్పుడు లేదు. ఆ ఇంటివారి అటక మీద ఒక రేకు పెట్టె నిండా కాగితాలున్నాయి. ఒకనాడు వారు నన్ను పిలిచి చూపించారు. గుండ్రని దస్తూరి, అంచులు పొడి రాలుతున్న కాగితాలు, మధ్య మధ్య మన ఇంటిపేర్లు ఫ్రెంచి అక్షరాలలో. నా చిన్నపాటి ఫ్రెంచి పరిజ్ఞానానికి తేదీలు, పేర్లు, అక్కడక్కడ కొన్ని మాటలు అందాయి. తక్కినదంతా మౌనం.

గోదావరి గాలిలో ఉప్పదనం ఉంది, తేమ ఉంది, మన ఇళ్లలో చెదలున్నాయి. కాగితం మనకోసం నిరవధికంగా వేచి ఉండదు. చదివేవాడు లేకపోతే ఆ పెట్టెలోని జీవితాలు చరిత్రలో ఉన్నట్లా, లేనట్లా? రాజుల శాసనాలు రాతిమీద ఉన్నాయి కనుక లక్ష్మణరావుగారి తరం వచ్చేవరకు నిలిచాయి. సామాన్యుల శాసనాలు ఇటువంటి పెట్టెలలోనే ఉంటాయి. వాటికి అంత ఓపిక లేదు.

ఆ అబ్బాయి రెండు వారాల తరువాత వ్యాసాన్ని తిరిగి వ్రాసి తెచ్చాడు. ఈసారి అది ఐదు పేజీలయింది. జోహార్లు తగ్గాయి, ప్రశ్నలు పెరిగాయి. తన ముత్తవ్వకు యానాంలోనే చిన్ననాడు పెళ్లయిందనీ, వారిది అవతలి ఒడ్డు ఊరనీ, పడవలో వచ్చి ముహూర్తం జరిపించుకొని మళ్లీ పడవలోనే వెళ్లారనీ ఇంటిలో పెద్దలను అడిగి తెలుసుకొని వ్రాశాడు. నాయకుని చరిత్ర వెదకబోయినవానికి తన ఇంటి చరిత్ర దొరికింది. వ్యాసం చివర, “సరిహద్దు చెరిగిపోయిన రోజున మా ముత్తవ్వ ఏమనుకొని ఉంటుంది?” అని ఒక వాక్యం వ్రాసి వదిలివేశాడు. ఆ వ్యాసానికి పోటీలో బహుమతి రాలేదు. నా దగ్గర మాత్రం దాని నకలు భద్రంగా ఉంది.

విద్యార్థులారా, మీలో అందరూ రచయితలు కానక్కరలేదు. ఇంజనీర్లు, వైద్యులు, వ్యాపారులు కాబోయేవారే మీలో ఎక్కువమంది. కాని రేపు మీరందరూ ఓటర్లవుతారు. నాయకుల జీవితాలు మీ ముందుకు వస్తూనే ఉంటాయి: కొన్ని పొగడ్తలుగా, కొన్ని నిందలుగా. ఒక్క పుస్తకం చదివి ఒకరిని దేవుణ్ణి చేయకండి. ఒక్క మాట విని మరొకరిని దయ్యాన్ని చేయకండి. ఆ నాయకుణ్ణి మెచ్చినవారు వ్రాసినది ఒకటి, మెచ్చనివారు వ్రాసినది ఒకటి, ఆయన ఊసే ఎత్తకుండా ఆయన కాలాన్ని గురించి వ్రాసినది ఒకటి, ఈ మూడూ చదివిన తరువాత మీ అభిప్రాయం మీరు ఏర్పరచుకోండి. మూడవది తరచు అందరూ విడిచిపెట్టేదీ, ఎక్కువ వెలుగునిచ్చేదీ.

మీలో ఏ ఒక్కరికైనా ఫ్రెంచి నేర్చుకోవాలనే కోరిక కలిగితే ఆలస్యం చేయకండి. ఆ అటక మీది పెట్టె ఇంకా అక్కడే ఉంది. తాళం కూడా వేయలేదు.